ఎక్స్‌పోర్ట్ బటన్ సగం రోజు పనా?

ఏ ప్రాజెక్టు రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు తీసినా చిట్టచివర్లో ఒక లైను తప్పకుండా ఉంటుంది, "గ్రిడ్‌కి ఎక్స్‌పోర్ట్ టు ఎక్సెల్ బటన్ ఉండాలి" అని. ఎస్టిమేట్ షీటులో దాని ఎదురుగా సగం రోజు. ఆ సగం రోజు మీదే నా గొడవంతా.

ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో మనలో చాలామందికి తెలుసు. ఏఎస్‌పీ డాట్ నెట్ గ్రిడ్‌వ్యూ కాలం నాటి చిట్కా అది. సర్వర్ ఫామ్ వెరిఫికేషన్ మెథడ్‌ని ఖాళీగా ఓవర్‌రైడ్ చెయ్యి, రెండర్‌కంట్రోల్‌తో గ్రిడ్‌ని ఒక స్ట్రింగ్‌రైటర్‌లోకి తోసెయ్యి, ఫైలు పేరుకి ఎక్స్‌ఎల్‌ఎస్ తోక తగిలించు. పదిహేను లైన్లు. వచ్చేది ఎక్సెల్ వేషం వేసుకున్న హెచ్‌టీఎంఎల్. అందుకే ఎక్సెల్ 2007 నుంచీ అలాంటి ఫైలు తెరిస్తే ఫార్మాటుకీ ఎక్స్‌టెన్షన్‌కీ పొంతన లేదని హెచ్చరిక వస్తుంది. "యస్ నొక్కేయండి, ఏం కాదు" అని ట్రైనింగ్‌లో యూజర్లకి మనమే నేర్పిస్తాం. (సెక్యూరిటీ టీము వాళ్ళు వినకుండా.)

సరే, తెరిచారు. లోపల చెక్‌బాక్సులూ, డ్రాప్‌డౌన్లూ, ఎడిట్, డిలీట్ లింకులూ అన్నీ యథాతథంగా వచ్చి కూర్చుని ఉంటాయి. పేజింగ్ తీసెయ్యడం మర్చిపోతే అప్పుడు తెరిచి ఉన్న పేజీ వరసలే వస్తాయి, మిగతావి గల్లంతు.

స్క్రీన్ మీద చెక్‌బాక్సు ఒక పనిముట్టు. కాగితం మీద అదే ఒక జవాబు: అవును, లేదా కాదు. డ్రాప్‌డౌన్‌లో పన్నెండు ఆప్షన్లున్నా డాక్యుమెంటుకి కావలసింది ఎంచుకున్న ఒక్కటే. ఎర్ర రంగు వరస "గడువు దాటింది" అనే మాటగా మారాలి, ఎందుకంటే ఆఫీసు ప్రింటర్ చాలాచోట్ల నలుపు తెలుపే, పైగా బ్రౌజర్లు ప్రింటులో బ్యాక్‌గ్రౌండ్ రంగుల్ని మామూలుగా వదిలేస్తాయి. కంట్రోల్స్ చెట్టంతా తిరిగి ఒక్కోదాన్నీ పీకి దాని బదులు టెక్స్ట్ పెట్టే ఫంక్షన్ గంటలో రాసేయొచ్చు. ఏ టెక్స్ట్ పెట్టాలో తేల్చడానికే రోజులు పడుతుంది, ఆ సంగతి తెలిసినవాళ్ళు క్లయింటు ఆఫీసులో ఉంటారు కదా!

ఇక అంకెలు. సున్నాలతో మొదలయ్యే అకౌంటు నంబరుని ఎక్సెల్ సంఖ్య అనుకుని ముందు సున్నాలు మింగేస్తుంది. 12 అంకెల ఆధార్ నంబరు 2.34568ఈ+11 లాగా కనబడుతుంది, ఆ షీటుని సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనబడేదే ఫైల్లోకి పోతుంది. 15 అంకెలు దాటితే మిగతావి సున్నాలైపోతాయి, మళ్ళీ రావు. ఆ సెల్ టెక్స్ట్ అని ఒక్క స్టైల్ రాస్తే ఆగిపోయే తంతు ఇది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, జీతాల లిస్టు బ్యాంకుకి పంపే ముందు అకౌంట్స్ ఆవిడ ప్రతి నెలా ఆ సున్నాలు చేత్తో కొట్టేవారు. ఒక్కటి తప్పితే ఎవరిదో జీతం ఆగుతుంది. మా దగ్గర మాత్రం టికెట్ ఎప్పుడో క్లోజు.

పీడీఎఫ్ అంటే మన తెలుగువాళ్ళకి ఇంకో బాధ. బ్రౌజర్‌లో అక్షరాలని పేర్చడానికి షేపింగ్ ఇంజను ఉంటుంది. జేఎస్‌పీడీఎఫ్ లాంటి లైబ్రరీకి ఆ తెలివి లేదు, తెలుగు ఫాంటు ఇచ్చినా "లక్ష్మి" కాస్తా "లక్‌ష్‌మి" అవుతుంది. ఐటెక్స్ట్‌లో అయితే దానికోసం విడిగా ఒక యాడాన్ కావాలి. నా మటుకు నేను ప్రింటు కోసం వేరే స్టైల్‌షీటు రాసి, హెడ్‌లెస్ క్రోమ్‌తోనే పీడీఎఫ్ తీయిస్తాను. ఒత్తులు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇప్పుడు ఎస్టిమేట్ అడిగితే ఎక్స్‌పోర్ట్‌ని ఇంకో స్క్రీన్ కింద లెక్కేస్తున్నాను. ఆ ఫైలు ఎవరు తెరుస్తారు, తెరిచి ఏం చేస్తారు అని ముందే అడుగుతాను. నాలుగు రోజులు అని రాస్తాను. మేనేజరు రెండుకి దించుతాడు. సగం కన్నా నయమే :)