ఫార్మాట్... ఆఖరి మందే!

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. శంషాబాద్ విమానాశ్రయంలో కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటన్నింటినీ ఫార్మాట్ కొట్టారా? లేదు. చాలాచోట్ల సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, తేడా చేసిన ఆ ఫైలు తీసేస్తే సిస్టమ్ లేచింది.

కదిరిలో డిగ్రీ చదువుతున్నా, నెట్ సెంటర్ నడుపుతున్నా ఇది గుర్తుంచుకోండి. అప్‌డేట్ అయ్యాక సిస్టమ్ ఆన్ కాకపోతే వెంటనే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి. ప్రాజెక్టు రిపోర్టు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు పోతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

తెరపై అప్‌డేట్ శాతం కదులుతుంటే ఆగండి. కదలకుండా లోగో దగ్గరే నిలిచిపోతే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేయండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, తర్వాత అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఎంచుకోండి. అయినా లేవకపోతే స్టార్టప్ సెట్టింగ్స్ నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ముందు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సిస్టమ్ బాగున్నప్పుడే దాన్ని కాగితంపై రాసిపెట్టుకోండి.

ఆ జులైలో చాలా కంప్యూటర్ల దగ్గరకు మనిషే వెళ్లి బాగుచేయాల్సి వచ్చింది. కోడింగ్ ఒక్కటే కొలువు ఇవ్వదు. డేటా పోకుండా సిస్టమ్ లేపడం కూడా చేతిలో ఉండాల్సిన పనే. నేర్చుకోండి!