వేగానికి తెలుగు రాదా?

"ఆధునిక విజ్ఞానం తెలుగులో ఇమడదు" అనే వాదం విన్నప్పుడల్లా నాకు 2023 ఫిబ్రవరి 11, శనివారం గుర్తుకు వస్తుంది. ఆనాడు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. 18 మలుపుల దారి. టాటాల జాగ్వార్ జట్టు తరఫున మిచ్ ఎవాన్స్ అందరికన్నా ముందునుంచి బయలుదేరాడు. ఒక ఇరుకు మలుపులో సహచరుడు శామ్ బర్డే వచ్చి అతణ్ణి గుద్దాడు. ఇద్దరి పందెమూ ముగిసింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

ఇంత మంచి కథ చేతికందితే నేను చదివిన తెలుగు వార్తల్లో ఉన్నదేమిటి? తారల రాక, తెలుగు లిపిలో ఆంగ్లం!

"బ్రేకు నొక్కినప్పుడు మోటారే జనరేటరై, వృథా కావలసిన శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది." ఇందులో మా తనకల్లు పిల్లవాడికి తెలియని మాట ఏది? బ్రేకు, మోటారు మనవైపోయాయి. వాటిని తరిమి కొరుకుడుపడని సమాసాలు కూర్చే పండితులనూ నేను సమర్థించను. నేనూ పండిత శిక్షణ పొందినవాణ్ణే. భాషకు ఆ సేవ అక్కరలేదు.

పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019 నుంచి కార్లు తయారుచేస్తున్నది. మన సీమ బిడ్డలు కారు బిగించవచ్చునట, అది నడిచే సూత్రం మాత్రం సొంతభాషలో చదువరాదట! ఇదెక్కడి న్యాయం?

హైదరాబాదులో 2024లో జరగవలసిన పందెం రద్దయింది. తెలుగులో చక్కగా వ్రాసి ఉంటే మొదటి పందెం కథైనా మన పిల్లలకు మిగిలేది. విలేఖరులారా, ఉపాధ్యాయులారా, ఇకనైనా వ్రాయండి.