కాలేజీ ఖజానాలో ఎన్ని నెలల జీతాలున్నాయి?

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. కొంత సొమ్ము విడుదలకు ప్రభుత్వం ఒప్పుకోవడంతో బంద్ ముగిసింది. కానీ రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆరు నెలలు రాకపోతే ఏ కాలేజీ తట్టుకుంటుందో, ఏది చతికిలబడుతుందో విద్యార్థికి, అధ్యాపకుడికి తెలిసే దారి నేటికీ లేదు. ఇంజనీరింగులో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. వాటిలో చేరే ఎందరికో ఫీజు ప్రభుత్వమే కట్టాలి. నగరంలో పేరున్న కాలేజీకి యాజమాన్య కోటా ఆసరాగా ఉంటుంది. సీట్లే నిండని జిల్లా కాలేజీకి అదీ లేదు. ఖర్చులు మాత్రం నెలనెలా తప్పవు. సొమ్ము రాకపోతే మొదట ఆగేది అధ్యాపకుల జీతం. తర్వాత విద్యార్థుల సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలోనే ఉండిపోతాయి. ఉద్యోగంలో చేరాల్సిన పిల్లవాడు తనది కాని బాకీకి అప్పు చేయాల్సి వస్తుంది. యాజమాన్యం మోయాల్సిన నష్టభయం ఇలా అందరికంటే బక్కవాడి నెత్తిన పడుతోంది.

బాకీ పడింది ప్రభుత్వమైతే మా లెక్కలు తీయడమేమిటని యాజమాన్యాలు అడగవచ్చు. మూల దోషం ప్రభుత్వానిదే, సందేహం లేదు. అయితే ఈ రీయింబర్స్‌మెంట్ పథకం 2008 నాటిది. రాష్ట్రం విడిపోయినా, పార్టీలు మారినా బకాయిలు పేరుకుంటూనే ఉన్నాయి. ఏటా వచ్చే వరదను అనుకోని ఉపద్రవం అనలేం; దానికి కాలేజీ ముందే కొంత నగదు నిల్వ పెట్టుకోవాలి. లాభం తీయకూడదన్న నిబంధన ఉండగా నిల్వ ఎలా పెట్టాలన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. టి.ఎం.ఏ. పాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు విద్యతో లాభార్జనను కాదన్నా, సంస్థ అభివృద్ధికి సహేతుకమైన మిగులు ఉండొచ్చని ఒప్పుకుంది. ఆ మిగులు కొత్త భవనానికి పోతోందా, కష్టకాలంలో జీతాలకు మిగులుతోందా అన్నదే తేలాలి. ఫీజు నియంత్రణ కమిటీలు మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేసేటప్పుడు కాలేజీల జమాఖర్చులు ఎలాగూ చూస్తాయి. ఆదాయంలో రీయింబర్స్‌మెంట్ వాటా ఎంత, చేతిలో ఉన్న నగదు ఎన్ని నెలల జీతాలకు సరిపోతుంది, కాలేజీని నడిపే ట్రస్టు వేరే సంస్థలకు ఎంత మళ్లించింది అన్నవి కూడా అప్పుడే రాబట్టి, కౌన్సెలింగ్‌కు ముందు జనం ముందు పెట్టాలి. ఆ అంకెలు చూసి పిల్లలు చేరకపోతే బలహీనమైన కాలేజీ ఇంకా త్వరగా మూతపడుతుందన్న భయం నిజమైనదే. అందుకే నిల్వ సమకూర్చుకోవడానికి రెండు, మూడేళ్ల గడువివ్వాలి. అప్పటికీ కోలుకోని చోట, మూడో ఏడాది చదువుతున్న పిల్లల్ని నడిమధ్యలో వదిలేసే కన్నా కొత్త అడ్మిషన్లు ఆపి, ఉన్న బ్యాచ్‌లను చివరిదాకా చదివించడం మేలు.