బొజ్జన్నకొండ ఎక్కండి, స్తూపాలు ఎక్కకండి

విశాఖలో మా ద్వారకా నగర్ బస్ కాంప్లెక్స్‌లో అనకాపల్లి బస్సెక్కి, దిగాక ఆటో మాట్లాడుకుంటే శంకరం ఊరు. పక్కపక్కనే రెండు కొండలు: తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ బీచ్‌కన్నా ముందు ఇదే చూడమని చెబుతాను.

మెట్లెక్కి పెద్ద గుహలో కాసేపు నిలబడండి. 16 స్తంభాలు, నడుమ స్తూపం, అన్నీ ఒకే కొండరాయి. బయటినుంచి తెచ్చి నిలబెట్టింది ఏదీ లేదు. అక్కర్లేని రాయిని తొలుచుకుంటూ పోతే మిగిలిందే ఆ మందిరం. భిక్షకు ఊళ్లోకి నడిచి వెళ్లేంత దగ్గర, ఊరి సందడి చెవినపడనంత దూరం. బౌద్ధ భిక్షువులు చోటు ఎంత తెలివిగా ఎంచుకున్నారో! గత శతాబ్దం మొదట్లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్విస్తే సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా బయటపడింది.

లింగాలకొండ మీద వరసగా రాతి స్తూపాలు. మొన్న వెళ్లినప్పుడు ఓ కుర్రాడు బూట్లతో స్తూపం గుమ్మటం మీదికెక్కి నిలబడ్డాడు. కింద స్నేహితుడు ఫోటో తీస్తున్నాడు. ‘దిగు నాన్నా’ అన్నాను. ‘రాయే కదాంటీ!’ అన్నాడు. దిగేటప్పుడు బూటు జారి అంచున ఉన్న రాతిపొట్టు కొంచెం రాలింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆ వయసులో బండ కనబడితే ఎక్కాలనిపించడం తప్పు కాదు. భువనగిరి బండ మీద తాడు పట్టి నేర్చుకున్న గురుకుల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. విశాఖ చుట్టూ ఇన్ని కొండలున్నాయి. శిల్పం లేని బండ ఒకటి చూసి, తాడు, హెల్మెట్, నేర్పే మనిషిని ఏర్పాటు చేస్తే మన పిల్లలు మాత్రం ఎక్కరా?

జనం వినరనే మాట నేనొప్పుకోను. కనుమ నాడు బొజ్జన్నకొండకొచ్చి, అక్కడి రాతిరూపం రాక్షసుడిదని నమ్మి రాళ్లు విసిరే ఆనవాయితీ ఉండేది. నచ్చజెప్పి మాన్పించారు. శంకరం కుర్రాళ్లకే శిక్షణిచ్చి, జీతమిచ్చి, సెలవు రోజుల్లో లింగాలకొండ మీద నిలబెట్టండి. ఏ రాయి ఎక్కకూడదో, ఎందుకో వాళ్లు చెబితే వచ్చినవాళ్లు వింటారు. వచ్చే కనుమ జనం రాకముందే ఈ పని మొదలుపెట్టాలి.