జింకు ముక్క చెప్పిన పాఠము



తెలుగు చెప్పుకొను మాకు లోహముల గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. రసాయన శాస్త్రము బోధించు మా సహాధ్యాపకులు కూడ నవ్వవచ్చును. అయినను ఒక చిన్న లోహపు ముక్కను గురించి ఈ సంచికలో వ్రాయక తప్పదని మాకు తోచినది. ఆ ముక్కను మేము చూచినది కాకినాడ చేపల రేవులో. దాని అర్థము మాకు బోధపడినది మాత్రము సంగారెడ్డిలో, మా ఇంటి నల్లా దగ్గర.

విద్యార్థులతో కలిసి యాత్రకు వెళ్లినప్పుడు ఆ రేవులో ఒక వృద్ధ మత్స్యకారుడు తన ఫైబరు పడవ వెనుక తగిలించిన మోటారును పైకి ఎత్తి, మంచినీటితో కడుగుచున్నాడు. నీటిలో మునుగు భాగమున, రెక్కల దగ్గర, బూడిద రంగు లోహపు ముక్క ఒకటి బిగించి ఉన్నది. ఎలుకలు కొరికిన బెల్లపు దిమ్మ వలె అది గుంటలు పడి ఉన్నది. మా విద్యార్థి ఒకడు "తాతా, చెడిపోయిన ముక్కను ఇంకా ఎందుకు ఉంచినావు?" అని అడిగినాడు. ఆ పెద్దాయన చేతిపని ఆపకుండనే చెప్పినాడు: "అది చెడితేనే బాబూ ఇంజను నిలబడేది. అది అయిపోయిందా, ఉప్పునీరు ఇంజన్ని తినడం మొదలెడతది."

అది జింకు ముక్క. మన పాత తెలుగులో తుత్తునాగము, ఉర్దూలో జస్తా.

మోటారు పైతొడుగు అల్యూమినియము మిశ్రమ లోహము. రెక్కలను త్రిప్పు ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేర్వేరు లోహములు ఒకదానికొకటి తగిలి ఉండి, రెండును ఉప్పునీటిలో మునిగినచో అక్కడ ఒక విద్యుత్ ఘటము ఏర్పడును. అందులో చురుకైన లోహము ఆనోడై కరిగిపోవును. రెండవది కాథోడై నిలిచియుండును. దీనినే గాల్వనిక్ క్షయము అందురు. 18వ శతాబ్ది చివర కప్ప కాలిపై ప్రయోగములు చేసిన ఇటలీ దేశస్థుడు గాల్వానీ పేరు మీదుగా ఆ మాట వచ్చినది. ఆ కప్ప కాలు కదలికను గురించి వాదించుచునే వోల్టా 1800లో మొదటి బ్యాటరీని నిర్మించినాడు. అనగా బ్యాటరీలో మనకు వెలుగునిచ్చు క్రియయే పడవ మోటారును తినివేయు క్రియ.

జింకు ముక్కను బిగించినచో ఆ ఘటములో కరుగు వంతు జింకుకు వచ్చును, మోటారు బ్రతుకును. సగము కరగగానే ముక్కను మార్చవలెనని తెలిసినవారు చెప్పుదురు. దానికి రంగు పూయరాదు. పూసినచో నీరు తగలక దాని పని ఆగిపోవును.

తిరుగు ప్రయాణములో రైలులో ఒక విద్యార్థి మంచి ప్రశ్న వేసినాడు. "సార్, పుస్తకములోని విద్యుత్ రసాయన శ్రేణిలో అల్యూమినియము విలువ మైనస్ 1.66 వోల్టులు, జింకు విలువ మైనస్ 0.76. మరి ముందు కరగవలసినది అల్యూమినియము కదా!" మాకు సమాధానము తెలియదు. ఊరికి వచ్చి సహాధ్యాపకులను అడిగి తెలుసుకొన్నాము. అల్యూమినియముపై గాలి తగులగానే పలుచని ఆక్సైడు పొర ఏర్పడి దానిని కప్పును. ఆ పొర వలన సముద్రపు నీటిలో ఆ మిశ్రమ లోహము జింకు కన్న తక్కువ చురుకుగా ప్రవర్తించును. అందుచేతనే ఓడల పనివారు సముద్రపు నీటిలో కొలిచి కూర్చిన వేరొక పట్టికను వాడుదురు. మంచినీటి పడవలకు జింకు చాలదు, మెగ్నీషియము ముక్క కావలెను. పుస్తకములోని పట్టిక అబద్ధము కాదు. కాని లోహము ఏ నీటిలో ఉన్నదో చూడక పట్టికను మాత్రమే వల్లించినవాడు పడవను కాపాడలేడు.

ఇక మా నల్లా సంగతి. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంట బోరు నుండి మిద్దెపై ట్యాంకుకు జి.ఐ. పైపులు వేయించినాము. మధ్యలో ఒక ఇత్తడి వాల్వు బిగించినారు. మూడవ ఏడు తిరుగక మునుపే వాల్వు ప్రక్కన పైపు మరలు తుప్పుతో రాలిపోయినవి. ఇత్తడి మాత్రము చెక్కు చెదరలేదు. మేము ప్లంబరును తిట్టినాము, పైపులు అమ్మిన కొట్టువానిని తిట్టినాము. "పైపుకు జంగు పట్టింది సార్, నేనేం జేస్త" అని ప్లంబరు వెళ్లిపోయినాడు. రేవులోని జింకు ముక్కను చూచిన తరువాతనే మా తప్పు మాకు తెలిసినది. ఇత్తడి కాథోడు, దానిని ఆనుకొని ఉన్న పైపు ఆనోడు. మొదట పైపుపై జింకు పూత, తరువాత లోపలి ఇనుము కరిగిపోయినవి. తెలియక మేమే మా ఇంటిలో ఒక బ్యాటరీని కట్టించుకొన్నాము. రెంటి నడుమ విద్యుత్తు ప్రసరింపని ఒక ప్లాస్టిక్ అతుకు వేసియున్నచో ఆ నష్టము తప్పెడిది.

ఈ పాఠము క్రొత్తది కాదు. 1761లో బ్రిటిషు నౌకాదళము వారు అలారం అను ఓడ అడుగునకు రాగి రేకులు తొడిగినారు. రెండేండ్ల తరువాత చూడగా రేకులు బాగున్నవి, వాటిని పట్టియుంచిన ఇనుప మేకులు మాత్రము అనేక చోట్ల పుచ్చిపోయినవి. కొన్ని మేకులు బాగుగనే ఉన్నవి. ఎందుకని చూడగా, రేకులు చుట్టి వచ్చిన కాగితము ఆ మేకులకు రాగికి నడుమ చిక్కుకొని ఉండిపోయినది. అంత పెద్ద ఓడలో మేకులను కాపాడినది ఒక కాగితపు ముక్క!

వేర్వేరు లోహములు, వాటి స్పర్శ, వాటిని కలుపు నీరు – ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను ఈ క్షయము లేదు. మొదటి రెండును ప్రపంచమున అన్ని చోట్లను ఒకటే. మూడవదానిని గురించియే సంగారెడ్డి, పటాన్‌చెరు వాసులమైన మనము ఆలోచింపవలసి ఉన్నది.

సముద్రము మనకు వందల కిలోమీటర్ల దూరమున ఉన్నది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మంచిదని, వేరే ఆధారము లేనిచోట 2,000 వరకు ఓర్చుకొనవచ్చునని భారతీయ ప్రమాణము. మన బోరు నీరు సముద్రపు నీరు కాదు, నిజమే. కాని నీటిలో లవణములు హెచ్చిన కొలది విద్యుత్తు సులభముగా ప్రసరించును. ఉప్పు తక్కువైన నీటిలో నష్టము అతుకు దగ్గరనే ఆగును. ఉప్పు పెరిగిన కొలది అది దూరమునకు ప్రాకును.

1970ల దశకము నుండి పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో కర్మాగారములు పెరిగినవి. వేల కుటుంబములకు అన్నము పెట్టినవి. మన విద్యార్థులలో ఎందరి తండ్రులో అక్కడనే పని చేసి మిమ్ములను ఈ కళాశాలకు పంపినారు. ఆ మేలును మరచుట కృతఘ్నత. అయితే ఆ కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో కలిసి, పొలముల మీదుగా మంజీరకు చేరినవి. బావులు, బోర్లు చెడిపోయినవి. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అను సంస్థ ఈ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లినది. పంట నష్టపోయిన రైతుల సంగతిని విచారించు పని మన జిల్లా న్యాయమూర్తికి వచ్చినది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రము పని ప్రారంభించినది. ఇదంతయు మన ఊరి చరిత్ర. సముద్రము మన వద్దకు రాలేదు. దాని ఉప్పులో కొంత వంతును మనమే మన బావులలోనికి తెచ్చుకొన్నాము.

ఇక్కడ మేము చెప్పదలచిన అసలు మాట ఒకటి ఉన్నది. నష్టము మాయము కాదు, చోటు మాత్రము మార్చుకొనును. 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఓడల రాగి రేకులకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి రాగి కరగకుండ ఆపినాడు. శాస్త్రము నెగ్గినది. కాని కొలది కొలదిగా కరుగు ఆ రాగియే సముద్రపు గుల్లలను, నాచును ఓడకు అంటనీయక కాపాడుచుండెనట. రాగి కరుగుట ఆగగానే గుల్లలు పట్టి ఓడల వేగము తగ్గినది. చివరకు ఆ ముక్కలను తీసివేయవలసి వచ్చినది. ఒకచోట నష్టమును ఆపినవాడు అది ఎక్కడికి పోయినదో కూడ చూడవలెనని దాని తాత్పర్యము.

మత్స్యకారునికి ఈ లెక్క తెలియును. తన మోటారు ఎవరి ఖర్చుతో బ్రతుకుచున్నదో అతడు ఎరుగును. ప్రతిసారియు ఆ ముక్కను చూచును, తరిగినదానిని మార్చును. మన పారిశ్రామిక వాడలో ఈ లెక్క ఎవరు చూచినారు? కర్మాగారము నిలిచినది, వాగు కరిగినది. సరుకు తయారైనది, బావి చెడినది. కరిగినదానిని ఎవరును ఏటేట పరీక్షింపలేదు, కోర్టు అడుగువరకు వెల కట్టలేదు.

ఆ జింకు ముక్కకు తెలుగులో ఏ పేరు పెట్టవలెనని మేము చాలనాళ్లు ఆలోచించినాము. త్యాగలోహమనుట వినసొంపుగా ఉండును. కాని త్యాగమనగా తనకు తాను ఇచ్చునది. జింకును ఎవరును అడుగలేదు. కనుక అది బలిలోహము. లోహమునకు ఈ భేదముతో పని లేదు, మనుష్యునకు ఉన్నది. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక ఔషధ కర్మాగారములో జరిగిన ప్రేలుడులో నలుబదిమందికి పైగా పనివారు మరణించినారు. దానికి తుప్పు కారణమని మేము అనుట లేదు. పొట్టకూటికై వచ్చిన ఆ పనివారి మరణమును త్యాగమని పిలిచి ఊరకుండరాదని మాత్రమే మా మనవి. జింకు ముక్కను మార్చవచ్చును. మనిషిని మార్చలేము.

మన పెద్దలకు ఈ జాగ్రత్త తెలియనిది కాదు. కలాయి వేయువారు కొలిమితిత్తి, తగరము, నవాసాగరము పట్టుకొని వీధి వీధి తిరిగిన కాలము మన ఇండ్లలో పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు చిలుమెక్కకుండ లోపల తగరపు పూత వేసెడివారు. పూత అరిగినదా లేదా అని ఇంటి ఇల్లాలు చూచెడిది; అరిగినచో మరల వేయించెడిది. జహీరాబాదు దాటిన తరువాత వచ్చు బీదరులో బిద్రీ పనివారు నేటికిని అధిక భాగము జింకు, కొద్దిగా రాగి కలిసిన లోహముపై వెండి తాపి, కోట మట్టితో నవాసాగరముతో నల్లబరచుచున్నారు. వారిలో పలువురు కళాశాల గడప త్రొక్కనివారు. అయినను ఏ లోహము దేనితో ఎట్లు మెలగునో వారి చేతులకు తెలియును. ఆ విద్యను తక్కువ చూచుట మన తప్పు.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు చేయుచున్నాము. మొదటిది: ప్రయోగశాలలో ఒక బల్లపై సీసాలు ఉంచవలెను. ఒకదానిలో ఇనుప మేకు, ఒకదానిలో రాగి తీగ చుట్టిన మేకు, ఒకదానిలో జింకు రేకు తగిలించిన మేకు. వీటినే ఒక వరుస మంచినీటిలో, ఒక వరుస మన బోరు నీటిలో, ఒక వరుస ఉప్పునీటిలో ఉంచి ఏడాది పొడుగునను విద్యార్థులు చూచి వ్రాయవలెను. దీనికి పెద్ద ఖర్చు కాదు. రెండవది: కళాశాల బోరు నీటిలోని లవణములను మూడు నెలలకు ఒకసారి కొలిచి, ఆ అంకెను నోటీసు బోర్డుపై వ్రాయవలెను. దానితోపాటు మన ట్యాంకు పైపుల అతుకులను కూడ పరీక్షింపవలెను. మూడవది: తుప్పు, జంగు, చిలుము, కలాయి వంటి పనివారి మాటలను తెలుగు, ఉర్దూ విద్యార్థులు కలిసి సేకరించి, వచ్చే సంచికలో రెండు లిపులలోను ప్రకటింపవలెను. ఈ పనికి మా వంతు శ్రమ మేము చేయుదుము.

మిత్రులారా, మీలో చాలమంది రేపు ఈ కర్మాగారములలోనే ఫిట్టర్లుగా, కెమిస్టులుగా, సూపర్‌వైజర్లుగా చేరుదురు. ఇత్తడి వాల్వు ప్రక్కన ఇనుప పైపు కనిపించినప్పుడు ఒక క్షణము ఆగి, ఇక్కడ కరుగునది ఏది, నిలుచునది ఏది అని అడుగుడు. వాగు ప్రక్కన కర్మాగారము కనిపించినప్పుడు కూడ అదే ప్రశ్న అడుగుడు. ఆ ప్రశ్న అడుగుట నేర్చినవానికి మేము తరగతిలో చెప్పిన పాఠములలో సగము మరపునకు వచ్చినను మాకు చింత లేదు.