చలి పేరుతో మూసిన క్లాసు ఎవరిది?

కోల్‌కతాలో చలికాలం ఒక పండగ. ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీలకు దిగగానే భద్రలోక్ పెద్దమనుషులు మంకీ క్యాపులు తగిలించుకుంటారు. ఈత బెల్లం సందేశ్‌లు, అలీపూర్ జూ, పిక్నిక్కులు, ఆ వెంటనే సాల్ట్ లేక్‌లో బుక్ ఫెయిర్. ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన నాకు మొదట్లో ఇదంతా నవ్వు తెప్పించేది. మా వైపు కొన్ని చోట్ల ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. ఎస్సీ హాస్టల్లో ఆ చలిలోనే తెల్లవారుజామున చన్నీళ్లతో స్నానం చేసి, నేల మీద కూర్చుని స్టడీ అవర్ చదివినదాన్ని నేను. ఒక్కరోజు కూడా చలి ఉందని స్టడీ అవర్ రద్దు చేసినట్టు గుర్తులేదు.

డిసెంబరు రెండో వారంలో ఒక నోటీసు చూశాక ఆ నవ్వు పోయింది.

నా పీహెచ్‌డీ, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల చదువు గురించి. ఫీల్డ్‌వర్క్ కోసం సాల్ట్ లేక్‌లో గది తీసుకుని ఉంటున్నాను. ఇక్కడి ఒక కాలేజీలో కమ్యూనిటీ కాలేజీ పేరుతో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సులు నడుస్తాయి. కుట్టుపని, బ్యూటీషియన్, డేటా ఎంట్రీ, రోగుల సంరక్షణ. రోగుల సంరక్షణ కోర్సుకు సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఒక బ్యాచ్ ఉండేది. అందులో ఇరవై మందికి పైగా ఆడవాళ్లు. ఎక్కువమంది దత్తాబాద్ నుంచి వస్తారు. బైపాస్ రోడ్డుకీ సాల్ట్ లేక్ బ్లాకులకీ మధ్య ఇరుక్కున్న బస్తీ అది. హాజరు పట్టీలో ఇంటిపేర్లు చూస్తే మండల్, నస్కర్, సర్దార్. బెంగాల్‌లో కులం లేదని సెమినార్లలో చెప్పేవాళ్లు ఒకసారి ఆ పట్టీ చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో దాదాపు 23.5 శాతం మంది షెడ్యూల్డ్ కులాలవాళ్లే. 1946లో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది ఈ బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెంట నిలిచిన అంటరాని కులాల శాసనసభ్యులు లేకపోతే ఆ చరిత్ర వేరేగా ఉండేది.

నోటీసులో ఉన్న విషయం ఇది. చలికాలం, త్వరగా చీకటి పడుతోంది, విద్యార్థినుల భద్రత దృష్ట్యా సాయంత్రం బ్యాచ్‌ను ఫిబ్రవరి దాకా నిలిపివేస్తున్నాం. కావలసినవారు ఉదయం పదకొండు గంటల బ్యాచ్‌లో చేరవచ్చు.

పదకొండు గంటలకు ఆ ఆడవాళ్లు ఎక్కడుంటారో నోటీసు రాసినవాళ్లకు తెలియదా? వాళ్ల ఇళ్లల్లోనే ఉంటారు! అంట్లు తోముతూ, చేపలు శుభ్రం చేస్తూ, ముసలి అత్తగారికి స్నానం చేయిస్తూ ఉంటారు.

చీకటి అబద్ధమేమీ కాదు. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో డిసెంబరులో ఇక్కడ ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది, హైదరాబాద్ కంటే ముప్పావు గంట ముందు. కాలేజీ వెనక గేటు నుంచి బస్తీ వైపు పోయే దారిలో దీపాలు వెలగవు. నేనూ నడిచాను, భయమేసింది. కానీ నోటీసు అంటించిన పది రోజులకే అదే ఆవరణలో వింటర్ ఫెస్ట్ మొదలైంది. మూడు రాత్రులు. స్టేజీ, బ్యాండు, తిండి స్టాళ్లు, చెట్లకు సీరియల్ బల్బులు. రాత్రి తొమ్మిదిన్నర దాకా అమ్మాయిలు, అబ్బాయిలు తిరుగుతూనే ఉన్నారు. వాళ్లకు చలి లేదు, చీకటి లేదు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డులు అదనంగా ఉన్నారు. నాకు ఆ అమ్మాయిల మీద కోపం లేదు. వాళ్లు పాడుకోవాలి, ఆడుకోవాలి. ఆ గార్డుల్లో ఒక్కడు, ఆ దీపాల్లో నాలుగు వెనక గేటు వైపు ఎందుకు పోలేదన్నదే నా ప్రశ్న. ఇంటికి దింపడానికి రెండు టోటోలు మాట్లాడినా సరిపోయేది. టోటోవాళ్లను నేనే అడిగాను. రెండు నెలల కిరాయి కలిపినా ఒక్క రాత్రి సౌండ్ సిస్టమ్ ఖర్చు దాటదు.

డబ్బు లేదనడానికి వీల్లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. ముందు ఎవరి కోసం ఖర్చుపెట్టాలన్న వరసలో వీళ్లు చివర ఉన్నారు.

భద్రత అనే మాట ఈ నగరంలో ఎలా వాడతారో మనం ఈమధ్యే చూశాం. 2024 ఆగస్టులో ఆర్.జి. కర్ ఆసుపత్రిలో యువ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక రాష్ట్ర ప్రభుత్వం 'రాత్తిరేర్ సాథీ' పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. వీలైనంతవరకు ఆడవాళ్లకు నైట్ డ్యూటీ వేయవద్దన్నది అందులో ఒకటి. సుప్రీంకోర్టు ఆ సెప్టెంబరులోనే దాన్ని తప్పుపట్టి సరిచేయమంది. భద్రత ఇవ్వడం మీ పని, ఆడవాళ్లను ఆపడం కాదన్నది ఆ మాటల సారం. డాక్టర్ల విషయంలో కోర్టు దాకా వెళ్లి గెలిచిన ఈ వాదన, ఆయాల సాయంత్రం క్లాసు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ గుర్తురాదు. పైగా వీళ్లలో చాలామంది రాత్రి డ్యూటీలకు ఎలాగూ పోతారు. చలికాలంలో ముసలివాళ్లకు ఆయాసం, దగ్గు ఎక్కువ, ఆయా సెంటర్లకు గిరాకీ కూడా అప్పుడే. రాత్రి ఎనిమిదికి అదే చీకట్లో నడిచి బ్లాకుల్లోని ఇళ్లకు వెళ్లి, ఒక ముసలాయనకు రాత్రంతా మందులిచ్చి, పొద్దున ఎనిమిదికి తిరిగొస్తారు. పనికి పోయేటప్పుడు అడ్డురాని చీకటి చదువుకు పోయేటప్పుడే అడ్డొచ్చిందట.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. ఈ కోర్సులంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపే. మన పిల్లలకు రోగుల ఒళ్లు తుడవడం నేర్పి దానికి సర్టిఫికెట్ ఇవ్వడమేంటి, 1953లో రాజాజీ మద్రాసులో తెచ్చిన పథకానికి కొత్త పేరు కాదా ఇది అనుకునేదాన్ని. సగం పూట బడి, సగం పూట కన్నవాళ్ల వృత్తి. పెరియార్ దాన్ని కులవిద్య అని ఎండగట్టారు. 1954లో కామరాజ్ వచ్చాక రద్దయింది. మన దేశంలో కమ్యూనిటీ కాలేజీ 1995లో పాండిచ్చేరిలో మొదలైంది. పన్నెండో ప్రణాళిక కాలంలో యూజీసీ తన పథకం తెచ్చినప్పుడు, ఇక్కడి నుంచి పైచదువులకు మెట్లు ఉంటాయని కాగితం మీద రాసింది. నేను చూసిన చోట ఆ మెట్లు ఎక్కడున్నాయో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. కాబట్టి నా అనుమానం ఇప్పటికీ పోలేదు.

కానీ ఈ మాటే క్లాసులో ఒకామెతో అంటే ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "దీదీ, ఒళ్లు తుడిచే పని నేను పన్నెండేళ్లుగా చేస్తూనే ఉన్నాను. కాగితం లేదని సెంటర్‌వాడు తక్కువ ఇస్తాడు. కాగితం వస్తే కూలి పెరుగుతుంది, పెరిగితే ఒక ఇల్లు మానేస్తాను, మానేస్తే ఓపెన్ యూనివర్సిటీలో బీఏ కడతాను" అంది. నేతాజీ సుభాష్ ఓపెన్ యూనివర్సిటీ ప్రధాన కార్యాలయం ఉన్నది ఈ సాల్ట్ లేక్‌లోనే. ఆ భవనం ముందు నుంచే ఆమె రోజూ పనికి పోతుంది. మెట్లు ఎవరూ కట్టకపోతే తనే ఒక్కొక్కటీ లెక్కేసి పెట్టుకుంది. నోటీసు పీకేసింది ఆ మొదటి మెట్టునే. హాజరు తగ్గితే సర్టిఫికెట్ రాదు, కట్టిన ఫీజు తిరిగి రాదు.

డిగ్రీయా, నైపుణ్యమా అని మనం సెమినార్లలో కొట్లాడుకుంటాం. బాబాసాహెబ్ 1942లో వైస్రాయ్‌కి ఇచ్చిన వినతిపత్రంలో రెండూ అడిగారు. విదేశాల్లో ఉన్నత విద్యకు స్కాలర్‌షిప్పులు, వాటితోపాటు ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో సాంకేతిక శిక్షణ. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచినప్పుడు, ఉద్యోగం చేసుకుని బతికే పిల్లలకు వీలుగా క్లాసులు పొద్దున్నే పెట్టించారు. పిల్లల పని వేళలు చూసి కాలేజీ గడియారాన్ని తిప్పిన మనిషి ఆయన. ఇక్కడ కాలేజీ గడియారం ప్రకారం ఆడవాళ్లు తమ బతుకుతెరువు మార్చుకోవాలట.

చలి అందరినీ ఒకేలా తాకదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెళ్లగొడితే రోహిత్, మిగతా నలుగురు స్నేహితులు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. అప్పుడు చలి ఎంతుందని ఏ అధికారీ థర్మామీటర్ చూడలేదు. ఏడు నెలల ఫెలోషిప్ బకాయి సంగతీ ఎవరికీ పట్టలేదు. మన హాస్టళ్లలో పిల్లలు పల్చటి దుప్పట్లలో వణుకుతున్నారని ఏటా డిసెంబరులో జిల్లా ఎడిషన్లలో ఫొటోలు వస్తాయి, దుప్పట్లు వేసవిలో వస్తాయి. దుప్పటి ఇవ్వాల్సినప్పుడు కనిపించని చలి, తరగతి మూయాల్సినప్పుడు మాత్రం నోటీసు బోర్డు ఎక్కుతుంది.

ఈ ఊరు పుట్టుకే ఇలాంటిది. 1962లో బిధాన్ చంద్ర రాయ్ హయాంలో ఉప్పునీటి చెరువులను హుగ్లీ ఒండ్రుతో పూడ్చడం మొదలైంది. ప్లాన్ గీసింది యుగోస్లావియా నిపుణుడు తోస్కోవిచ్. 1972 డిసెంబరు చలిలో ఇక్కడే కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఇందిరాగాంధీ కోసం కట్టిన ఇంట్లో తర్వాత జ్యోతిబసు ఉన్నారు. కాంగ్రెస్ పోయి ఎర్రజెండా వచ్చింది, అదీ పోయింది, ఇల్లు మాత్రం పెద్దవాళ్లదే. ఆ చెరువుల్లో చేపలు పట్టి బతికినవాళ్ల మనవరాళ్లు ఎవరి వంటింట్లో ఉన్నారో వెతకడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. రాష్ట్ర విద్యాశాఖ ఉండే వికాస్ భవన్ కూడా ఇక్కడే ఉంది. 2022 అక్టోబరులో కరుణామయి దగ్గర నిరాహారదీక్ష చేస్తున్న టెట్ అభ్యర్థులను అర్ధరాత్రి పోలీసులు ఈడ్చుకుపోయింది కూడా ఈ వీధుల్లోనే. ఆ రాత్రి ఆడపిల్లల భద్రత గురించి ఏ నోటీసూ రాలేదు.

జనవరి మొదటి వారంలో మేం పన్నెండు మందిమి కాలేజీకి వెళ్లాం. బెంగాలీలో ఒక అర్జీ రాసుకున్నాం. వెనక గేటు దగ్గర దీపాలు, ఏడున్నరకు రెండు టోటోలు, పోయిన హాజరుకు మినహాయింపు, సర్టిఫికెట్ తర్వాత డిగ్రీకి దారేదో రాతపూర్వకంగా చెప్పడం. అడిగింది అంతే. అక్షరదోషాలు ఉంటే పరువు పోతుందని దత్తాబాద్‌లో పదో తరగతి చదివే ఒక పిల్ల రెండుసార్లు దిద్దింది. గుమస్తా కాగితం తీసుకుని ముద్ర వేశాడు. సార్ ఉన్నారా అంటే, లేరు, బుక్ ఫెయిర్ పనుల్లో ఉన్నారు, అది అయ్యాక రండి అన్నాడు. టైము ఏడవుతోంది. ఎనిమిదింటి డ్యూటీ ఉన్నవాళ్లు శాలువాలు చుట్టుకుని వెనక గేటు వైపు నడిచారు.