మీతో ఎవరు వచ్చారు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ నిరుటి సంగతి ఒకటి మనసులోంచి పోవడం లేదు.

నేను పీజీ చదువుతున్న ఊళ్ళో ఒక మ్యూజియం వాళ్ళు ఆదివారం పూట పిల్లలకు సినిమా వర్క్‌షాపు పెట్టారు. ప్రవేశం ఉచితం, కుటుంబ సమేతంగా రండి అని పోస్టరు. మన హాస్టల్ నుంచి ఎనిమిదో తరగతి తమ్ముళ్ళిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర ఒకావిడ మర్యాదగానే అడిగారు, "మీతో పేరెంట్స్ ఎవరు వచ్చారు?" అని. వీళ్ళకు అన్నను నేనే అన్నాను. "సొంత అన్నయ్యా?" అన్నారు. అబద్ధం నోట రాలేదు. తల్లో తండ్రో లేనిదే పంపరట. ఒకడి అమ్మ పత్తి తీయడానికి పోతుంది. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని ఆమె వస్తుందా? రెండోవాడికి తండ్రి లేడు. కిటికీలోంచి కాసేపు చూసి తిరిగొచ్చాం.

ఆ నియమం తప్పని నేననను. పిల్లల భద్రత చిన్న విషయం కాదు. అయితే ఏడాదిలో పది నెలలు వార్డెన్ సార్ సంతకం మీద బతికేవాళ్ళం మనం. ఆస్పత్రిలో చెల్లే ఆ సంతకం మ్యూజియంలో ఎందుకు చెల్లదు?

బాత్‌రూములకు తలుపులు లేనిచోట ఈ సినిమా ఆటలెందుకని నా రూమ్మేటు వెక్కిరించాడు. తలుపులూ అడగాల్సిందే. కానీ తెరమీద బొమ్మ నిజానికి కదలదనీ, సెకనుకు 24 నిశ్చల చిత్రాలు వరుసగా పడితే మనకు కదిలినట్టు అనిపిస్తుందనీ నాకు డిగ్రీ రెండో సంవత్సరంలో గానీ తెలియలేదు. మా ఇంట్లో చెప్పేవాళ్ళెవరు? అప్పటిదాకా సినిమా అంటే మనకు హీరో, ఫ్లెక్సీ, విజిల్. అది చేతులతో చేసే పని అని తెలిస్తే చూసే చూపే మారుతుంది.

ఇవి ప్రజల డబ్బుతో నడిచేవి కూడా. ముంబయిలో 2019 జనవరిలో ప్రారంభించిన జాతీయ భారతీయ సినిమా మ్యూజియంలో పిల్లల కోసమే ఒక ఫిల్మ్ స్టూడియో పెట్టారు. కెమెరా, లైటింగు, నటన పిల్లలే చేసి చూసుకునేలా. మన హైదరాబాదులో 2017 దాకా రెండేళ్ళకోసారి అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరిగేది. దాన్ని నడిపిన బాలల చిత్ర సమితి 1955లో పుట్టి, 2022లో ఎన్.ఎఫ్.డి.సి.లో కలిసిపోయింది. అలాంటి పండగలకు హాస్టళ్ళ నుంచి బస్సు బయలుదేరాలంటే ముందు ఎవరో ఒకరు అడగాలి కదా.

తిరిగొచ్చిన ఆ వారమే మేం ముగ్గురం ట్రంకు పెట్టె మీద చింతగింజలు పేర్చి, నా ఫోనుతో సినిమా తీశాం. గింజను కాస్త జరపడం, ఫోటో తీయడం, మళ్ళీ జరపడం. సెకనుకు 12 ఫోటోలు చొప్పున పది సెకన్లకు 120. మధ్యలో మబ్బు పట్టి వెలుతురు మారింది, సగం మళ్ళీ తీయాల్సి వచ్చింది. స్టడీ అవర్లో పది నిమిషాలు కుదురుగా కూర్చోని ఆ ఇద్దరూ మూడు గంటలు కదల్లేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ, మీ ఊళ్ళో ఇలాంటి వర్క్‌షాపు జరిగితే ఒక్క ఉత్తరం రాయండి. హాస్టల్ పిల్లలకు వార్డెన్ గానీ సీనియర్ గానీ తోడుంటే చాలనమని అడగండి. నేను రాశాను, జవాబు ఇంకా రాలేదు. మళ్ళీ రాస్తాను.

ఆ చింతగింజల సినిమా వార్షికోత్సవం రోజు రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ హాల్లో వేస్తున్నాం. మీతో ఎవరు వచ్చారని అడగం.